గద్ద పిల్ల కింద పడితే: 31వ ఎపిసోడ్

అల్లుడు: అందరికీ నమస్కారం. 31వ ఎపిసోడ్‌కు వచ్చాం. అత్త ఈ రోజు కుర్చీని కిటికీ పక్కకు జరుపుకుంది. ఎందుకో పాత శ్రోతలు ఊహించగలరు.

అత్త: నీళ్ల ట్యాంకరు వస్తే లేవాలి నాన్నా. మూడు రోజులైంది. మాట మధ్యలో లేచానని ఎవరూ ఏమీ అనుకోకండి.

అల్లుడు: మే నెల కదా, గూట్లోంచి కింద పడిన గద్ద పిల్లల గురించి మాట్లాడుకుందామని పోయిన వారమే చెప్పాం. కనబడితే ఏం చేయాలి, ఏం చేయకూడదు, ఎవరికి చెప్పాలి. వచ్చిన సందేశాలన్నింటిలో ఇదే ప్రశ్న.

అత్త: ఇది దాని కాలమే. చలికాలంలో గూడు కడతాయి. గుడ్డు పొదగడానికి నెల, పిల్ల గూట్లో పెరగడానికి మరో నెలన్నర. సరిగ్గా ఎండలు ముదిరే వేళకు పిల్లలు గూటి అంచు మీదికి వచ్చి రెక్కలు కొట్టుకోవడం మొదలుపెడతాయి. ఒక గాలి వీస్తే చాలు, కింద పడతాయి.

అల్లుడు: ముందు ముఖ్యమైనది చెప్పేస్తాను. పిల్ల ఒంటి నిండా నూగు మాత్రమే ఉంటే అది ఇంకా గూట్లో ఉండవలసిన పిల్ల. ఈకలు వచ్చి, రొమ్ము మీద లేత చారలు కనిపిస్తూ, తల మీద మాత్రం అక్కడక్కడా నూగు మిగిలి ఉంటే అది కొమ్మ మీద నడక నేర్చుకుంటున్న పిల్ల. రెండోదానికి దెబ్బ తగలకపోతే ఇంటికి తీసుకువెళ్లకండి. తువ్వాలు తల మీద కప్పి పట్టుకుని, కుక్కకూ పిల్లికీ అందనంత ఎత్తులో, అదే చెట్టు కొమ్మ మీద పెట్టి దూరంగా జరగండి. తల్లీ తండ్రీ వచ్చి తిండి పెడతాయి. ఎగరడం వచ్చాక కూడా కొన్ని వారాల పాటు పెడుతూనే ఉంటాయి.

అత్త: "మనిషి ముట్టుకుంటే తల్లి మళ్లీ దగ్గరికి రానివ్వదట కదా" అని అడుగుతారు. అది మనం మనుషుల మైల లెక్కలు పక్షులకు అంటగట్టడం. కాకి పిల్ల కాకికి ముద్దు అని ఊరికే అన్నారా? పిల్ల నోరు తెరిచి అరిస్తే చాలు, తల్లి వస్తుంది. గూడు అందకపోతే వెదురు బుట్టకు అడుగున చిల్లులు పెట్టి, ఎండుపుల్లలు పరిచి, అదే చెట్టుకు కట్టి అందులో పెట్టినా వస్తుంది.





అల్లుడు: ఇప్పుడు ఒక సందేశం వినిపిస్తాను. గుంటూరు వైపు నుంచి వచ్చింది, పేరు చెప్పవద్దన్నారు.

శ్రోత సందేశం: "నమస్తే అత్తగారూ. మూడు వారాల కిందట మా కొబ్బరి చెట్టు కింద గద్ద పిల్ల దొరికింది. కోడి మాంసం ఎముక తీసేసి, సన్నగా తరిగి పెడుతున్నాను. బాగానే తింటుంది. నాలుగు రోజులుగా లేచి నిలబడడం లేదు. కాళ్లు పక్కలకు జారిపోతున్నాయి. నొప్పిగా ఉందేమోనని మా పాప చుక్కల మందు రెండు పూటలు వేశాను. నన్ను చూస్తే నోరు తెరుస్తుంది, బిడ్డలాగా. ఏం చేయాలో చెప్పండి."

(కొద్దిసేపు నిశ్శబ్దం)

అల్లుడు: అత్తా?

అత్త: ఆ అమ్మాయి గొంతు వింటుంటే కడుపులో చేయి పెట్టి కలిపినట్టు ఉంది. ఎంత ప్రేమగా చేసింది! ఎముక తీసేసి, సన్నగా తరిగి. అమ్మా, ఆ ఎముకే కావాలి దానికి. నేను మొదటి ఎపిసోడ్ నుంచి చెబుతున్నాను.

అల్లుడు: అవును, ప్రతి ఎపిసోడ్‌లోనూ.

అత్త: ప్రతి ఎపిసోడ్‌లోనూ చెబుతాను. వట్టి కండలో భాస్వరం ఎక్కువ, కాల్షియం దాదాపు లేనట్టే. పెరిగే పిల్లకు రోజూ కాల్షియం కావాలి. తిండిలో దొరక్కపోతే తన ఎముకల్లోంచే తీసుకుంటుంది. ఎముక రబ్బరులా మెత్తబడుతుంది, ఒంటి బరువుకు వంగుతుంది. తల్లి గద్ద ఎలుకను తెస్తే తోలు, ఎముక, పేగు అన్నీ పెడుతుంది. ఒక్కొక్క పీచుగా చీల్చి నోటికి అందిస్తుంది. అరగని బొచ్చూ ఎముక ముక్కలూ మర్నాడు ఉండలా కక్కేస్తుంది పిల్ల. ఆ ఉండ కనబడితే నాకు పండగ. ఎలుక దొరకకపోతే కోడి మెడ తెచ్చి, రోకలితో ఎముక పొడి అయ్యేదాకా దంచి పెట్టాలి.

అల్లుడు: ఆమె ఇప్పుడు ఏం చేయాలి?

అత్త: ఈ రోజే, ఈ పూటే పక్షులను చూసే పశువైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాలి. అటవీ శాఖ వారికి చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో పెట్టుకోకూడదు కూడా. దారిలో కాళ్లు జారకుండా మెత్తటి గుడ్డను చుట్టలా చుట్టి, మధ్యలో గూడులా చేసి కూర్చోబెట్టాలి. ఎముక ఎంత వంగిందో ఎక్స్‌రే చూస్తేగానీ తెలియదు. తొందరగా పట్టుకుంటే కొన్ని నిలబడతాయి. ఇక ఆ చుక్కల మందు... అమ్మా, ఇంకొక్క చుక్క వేయకు.

అల్లుడు: పిల్లల జ్వరం మందే కదా, రెండు పూటలే వేసింది.

అత్త: గద్ద బరువు ఎంతరా? ముప్పావు కిలో. పిల్ల ఇంకా తక్కువ. దానికి మనిషి మందు ఏ లెక్కన వేస్తాం? నొప్పి మందు అంటే నాకు చేతులు వణుకుతాయి, నీకు తెలుసు.

అల్లుడు: తెలుసు. ఒక మాట అడగనా? ఏడాది నుంచి అడుగుదామనుకుంటున్నాను.

అత్త: అడుగు.

అల్లుడు: పోయిన ఏడాది మనం తెచ్చిన పిల్ల. సెల్ టవర్ కింద దొరికింది, ఎడమ రెక్క వేలాడుతూ. రాత్రి పదింటికి తెచ్చాం. నొప్పికి ఏమైనా వేయమని నేను బతిమాలాను. తెల్లారేదాకా వేయలేదు నువ్వు. పెట్టెలోంచి దాని శబ్దం వినలేక నేను మేడ మీదికి వెళ్లిపోయాను. ఆ రాత్రి వేసి ఉండవచ్చా, లేదా?

అత్త: ముందు సెలైన్ పట్టించాలి. ఎండలో పడి ఒంట్లో నీరు ఇంకిపోయిన పక్షి అది. ఆ స్థితిలో నొప్పి మందు వేస్తే మూత్రపిండాలు తట్టుకోవు. చర్మం కింద సెలైన్ ఎక్కించి, వెచ్చగా ఉంచి, రెట్ట వేసేదాకా చూశాను. నాలుగింటికి వేసింది. మధ్యలో తెల్లగా, శుభ్రంగా ఉంది, అంటే మూత్రపిండాలు పనిచేస్తున్నట్టే. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

అల్లుడు: నాలుగింటికి రెట్ట వేస్తే ఏడింటికి వేశావు మందు. మధ్యలో మూడు గంటలు.

అత్త: మూడు గంటలు. అవును.

అల్లుడు: నిన్ను తప్పుపట్టాలని కాదు అత్తా. ఆ మందు పక్షులకు పనికివచ్చేదే కదా, మెలాక్సికామ్. నువ్వే చెప్పావు.

అత్త: పనికివచ్చేదే. రాబందుల మీద కూడా పరీక్షించి చూశారు, హాని లేదు. మందు చేతిలోనే ఉంది. తూకం వేశాను, లెక్క కట్టాను, సిరంజిలోకి తీశాను. గుచ్చలేకపోయాను.

అల్లుడు: ఎందుకు?

అత్త: చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. శ్రోతలు గద్ద పిల్లల కోసం వచ్చారు.

అల్లుడు: ఉంటారు. చెప్పు.

అత్త: నేను పశువుల ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరేనాటికి ఆ ఊరి బయట తాటిచెట్ల మీద రాబందులు ఉండేవి. గొడ్డు చచ్చిపోతే ఊరవతల పడేసేవారు. పొద్దున పడేస్తే సాయంత్రానికి బొమికలు మిగిలేవి. వాసన ఉండేది కాదు, కుక్కలు చేరేవి కావు. ఎవరూ వాటిని మెచ్చుకునేవారు కాదు, తిట్టేవారూ కాదు. చెట్టూ చేమలాగా అవీ ఉండేవి. ఆ రోజుల్లోనే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఇంజెక్షను పశువులకు వచ్చింది. చవక. సాయంత్రం ఇస్తే తెల్లారేసరికి ఎద్దు లేచి నిలబడేది. రైతు కళ్లనీళ్లు పెట్టుకుని దండం పెట్టేవాడు. ఎన్ని ఇచ్చి ఉంటానో లెక్క లేదు. కొన్ని గొడ్లు ఎలాగూ బతకని దశలో వచ్చేవి. నొప్పి అయినా తగ్గుతుందని వాటికీ ఇచ్చేదాన్ని. అవి పోయేవి. వాటిని ఎక్కడ పడేసేవారు?

అల్లుడు: ఊరవతల.

అత్త: తాటిచెట్ల కింద. మందు ఇంకా ఒంట్లో ఉండగానే.

(నిశ్శబ్దం)

అత్త: రాబందు ఆ మాంసం తింటే రోజుల్లోనే మూత్రపిండాలు పాడవుతాయి. మన ఒంట్లోంచి మూత్రంలో పోయేది దాని ఒంట్లో పేరుకుపోతుంది. కోసి చూస్తే గుండె మీద, కాలేయం మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర. మెడ వేలాడేసి కొమ్మ మీద కూర్చుని, కూర్చున్నట్టే పడిపోతుంది. 2004లో గానీ కారణం బయటపడలేదు. పాకిస్తాన్‌లో చచ్చిపడిన రాబందులను కోసి చూసిన శాస్త్రవేత్తలు తేల్చారు. 2006లో మన దేశంలో పశువులకు వాడకూడదన్నారు. అప్పటికే తెల్లవీపు రాబందుల్లో వెయ్యింటికి ఒకటి మిగిలింది. 1992 నుంచి 2007 దాకా లెక్క అది. ప్రతి గొడ్డులోనూ మందు ఉండనక్కరలేదు నాన్నా. నూటికి ఒక్క కళేబరంలో ఉన్నా ఆ జాతి అంతరించడానికి చాలు.

అల్లుడు: నీకు తెలియదు కదా. ఎవరికీ తెలియదు.

అత్త: తెలియదు. నిజమే. తాటిచెట్లు ఖాళీ అయ్యాయని కూడా నేను గమనించలేదు. ఒక రోజు ఆ దారిన పోతుంటే వాసన వచ్చింది. అప్పుడు తలెత్తి చూశాను. సీతమ్మ కోసం రెక్కలు తెగ్గొట్టించుకున్న జటాయువు కథ మా అమ్మ నాకు చెప్పింది, నేను నీకు చెప్పాను. ఆ రాబందులు నా కళ్ల ముందే పోయాయి. ఎప్పుడు పోయాయో నాకు తెలియదు.

అల్లుడు: కానీ గద్దలు రాబందులు కావు. అందుకే అడుగుతున్నాను. నీ భయం ఒక జాతిది, ఆ రాత్రి బాధపడింది ఇంకో జాతి పక్షి.

అత్త: రాబందులకే అనుకున్నాం చాలా కాలం. తర్వాత రాజస్థాన్‌లో బికనేర్ దగ్గర చచ్చిపడిన రెండు డేగల్లోనూ అదే కనబడింది, అదే సున్నం. పశువులకు నిషేధించాక మనుషుల మందు పెద్ద సీసాల్లో కొని పశువులకు వాడారు. 2015లో మూడు మిల్లీలీటర్ల చిన్న సీసాల్లోనే అమ్మాలన్నారు. ఈలోగా ఎసిక్లోఫెనాక్ వచ్చింది. అది పశువు ఒంట్లోకి పోయాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. దాన్నీ, కీటోప్రొఫెన్ అనే ఇంకో నొప్పి మందునూ పశువులకు వాడకుండా 2023లో ఆపారు. ఒక తలుపు మూస్తే ఇంకొకటి తెరుచుకుంటూ వచ్చింది ఇరవై ఏళ్లు. నా చేతికి భయం అక్కడి నుంచి పట్టుకుంది.

అల్లుడు: భయం నాకు అర్థమైంది. కానీ ఆ మూడు గంటల నొప్పి కూడా నిజమే కదా అత్తా.

అత్త: నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు. నాలుగింటికే వేయవలసింది.

(చాలాసేపు నిశ్శబ్దం. బయట ఏదో బండి శబ్దం)

అల్లుడు: ట్యాంకరా?

అత్త: కాదు, చెత్త బండి.

అల్లుడు: రాబందుల మాట వచ్చింది కాబట్టి, పాలరాపు సంగతి కూడా చెప్పు. లేకపోతే ఈ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు.

అత్త: ఆసిఫాబాద్ వైపు బెజ్జూరు అడవిలో పెద్దవాగు పక్కన నిటారుగా నిలిచిన గుట్ట అది. 2013లో అక్కడ పొడవు ముక్కు రాబందులు కనబడ్డాయి. ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడతాయి. అందుకే ఒక్క పిల్ల పోయినా ఆ ఏడాది పోయినట్టే. నేను వెళ్లిన రోజున ఒక రాతి అరుగు మీద పిల్ల కూర్చుని ఉంది. మెడ మీద ఇంకా నూగు. రెక్కలు విప్పింది, గాలి చూసింది, ముడుచుకుంది. మళ్లీ విప్పింది. మూడు గంటలు అదే పని. ఎగరలేదు. నేను తిండి కూడా మరిచిపోయి చూశాను.

అల్లుడు: ఆ ఫొటో ఇంకా మన వంటింట్లో ఉంది. సరే, మన పిల్ల దగ్గరికి వద్దాం. రెక్క ఎలా అతుక్కుందో చాలామంది అడిగారు.

అత్త: అదృష్టం దానిది. మోచేతి కింద రెండు ఎముకలు ఉంటాయి, లావుది ఒకటి, సన్నది ఒకటి. లావుది విరిగింది, సన్నది నిలిచింది. విరిగినదానికి పక్కనున్నదే బద్దలా పనికివచ్చింది. రెక్కను ఒంటికి చేర్చి కట్టి, మధ్యమధ్యలో కట్టు విప్పి మెల్లగా చాచి, మళ్లీ కట్టాం. కదపకుండా వదిలేస్తే రెక్క ముందు చర్మం బిగుసుకుపోతుంది. ఇక ఎగరలేదు. ఆ రోజుల్లో దానికి రోజూ ఎముక...

అల్లుడు: ఎముక పెట్టాం. రోకలి నా చేతిలోనే ఉంది కదా.

అత్త: అందుకే అతుక్కుంది. ఈకల సంగతి నువ్వు చెప్పు, చేసింది నువ్వే.

అల్లుడు: మన దగ్గరికి రాకముందు ఎవరో దాన్ని తీగల పంజరంలో పెట్టారు. తోక ఈకలు నాలుగు సగానికి విరిగిపోయాయి. విరిగిన ఈక దానంతట అది పెరగదు, మళ్లీ ఈకలు రాల్చే కాలం వచ్చేదాకా అంతే. తోక లేకపోతే గద్ద మలుపు తిరగలేదు. అప్పుడు అత్త పాత పద్ధతి చూపించింది. డేగలతో వేటాడించే రోజుల నాటిది. వేరే గద్ద రాల్చిన ఈకలు అటవీ శాఖ కేంద్రంలో దాచి ఉంచారు. అదే వైపుది, అదే వరుసది వెతికి తీశాం. వెదురు పుల్లను సూది కన్నా కొంచెం లావుగా చెక్కి, మూడు పలకలుగా అరగదీశాను. గుండ్రంగా ఉంటే ఈక గిర్రున తిరిగిపోతుంది. విరిగిన మొదలు బోలుగా ఉంటుంది, అందులో సగం పుల్ల, కొత్త ఈకలో సగం పుల్ల, నడుమ చుక్క జిగురు. నాలుగో ఈక అయ్యేసరికి నా చొక్కా తడిసిపోయింది. అత్త దాని తల మీద గుడ్డ కప్పి పట్టుకుంది, గంటసేపు ఒక్క మాట మాట్లాడలేదు.

అత్త: మాట్లాడకూడదు. మన గొంతు దానికి అలవాటు కాకూడదు. ఆ గుంటూరు అమ్మాయికి అసలు చెప్పవలసింది ఇది. "నన్ను చూస్తే నోరు తెరుస్తుంది, బిడ్డలాగా" అంది. కళ్లు తెరిచిన మొదటి వారాల్లో ఎవరు తిండి పెడితే వాళ్లే తన జాతి అనుకుంటుంది పిల్ల. ఆ ముద్ర పడితే చెరపలేం. అది పెద్దదై మనుషుల పక్కన వాలుతుంది, తిండి కోసం పిల్లల మీదికి వస్తుంది, ఎవరో కర్రతో కొడతారు. అందుకే గుడ్డ చాటు నుంచి, మన ముఖం కనబడకుండా పెట్టాలి. సాటి గద్ద పిల్లలు ఉంటే వాటి మధ్యే పెంచాలి. మనల్ని చూస్తే అది భయపడాలి. ముక్కుతో పొడవాలి.

అల్లుడు: మనది పొడిచింది. ఇదిగో, మచ్చ ఉంది.

అత్త: ఆ మచ్చ చూస్తే నాకు ధైర్యం.

అల్లుడు: ఒక్కసారిగా ఎగరేయలేదు దాన్ని. అధికారుల అనుమతితో మేడ మీద తడికల గదిలో ఉంచి, చుట్టుపక్కల గద్దలను చూడనిచ్చి, ఒక పొద్దున తలుపు తీసి వదిలేశాం. రోజూ నీళ్ల ట్యాంకు మీద తిండి పెట్టాం. తిని వెళ్లేది. పందొమ్మిది రోజులు వచ్చింది. ఇరవయ్యో రోజు రాలేదు. నేను సాయంత్రం దాకా కూర్చున్నాను.

అత్త: రాకపోతేనే కదా మంచిది.

అల్లుడు: తెలుసు. అయినా కూర్చున్నాను.

అత్త: నేను కూడా కిందనుంచి చూస్తూనే ఉన్నాను, నీకు చెప్పలేదు.

అల్లుడు: (కొంచెం ఆగి) మిగతా సందేశాలు చూద్దాం. మాంసం తినే పక్షి అని ఒక ఆసుపత్రిలో చేర్చుకోలేదని ఒకరు బాధపడ్డారు. ఢిల్లీలో నదీమ్, సవూద్ అనే అన్నదమ్ములకూ అదే ఎదురైంది. ఆ తర్వాత గాయపడిన గద్దలను తమ ఇంటికే తెచ్చుకుని చూడడం మొదలుపెట్టారు. వాళ్ల చేతుల మీదుగా వేల గద్దలు బాగుపడ్డాయి. ఇంకొకరు చైనా మాంజా గురించి అడిగారు. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే దేశమంతా నిషేధించింది. అయినా మన వీధిలో సంక్రాంతికి...

అత్త: సంక్రాంతి అంటే గద్దలు గూళ్లు కట్టుకునే కాలం. ఒక్క తల్లి రెక్క తెగితే దాని గూడంతా పోయినట్టే. గుజరాత్‌లో ప్రభుత్వమే ఏటా జనవరి 10 నుంచి 20 దాకా గాయపడిన పక్షుల కోసం కరుణా అభియాన్ నడుపుతుంది. మన దగ్గర కూడా అలా...

అల్లుడు: దాని మీద ఒక ఎపిసోడ్ మొత్తం చేయాలి. ఇది చివరి ప్రశ్న. పడిన పిల్లకు నోట్లో నీళ్లు పోయవచ్చా?

అత్త: పోయకూడదు. నాలుక మొదట్లోనే ఊపిరి రంధ్రం ఉంటుంది, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చిల్లులు పెట్టిన అట్టపెట్టె, చీకటి, వెచ్చదనం. డాక్టరు చూసేదాకా అంతే. ఆ గుంటూరు అమ్మాయి నంబరు నీ దగ్గర ఉందా?

అల్లుడు: ఉంది.

అత్త: ఇది జనానికి చేరేదాకా ఆగవద్దు. ఇప్పుడే ఫోను చేద్దాం. ఆ పిల్ల కాళ్లు ఎటువైపు వంగాయో అడగాలి. కోడి మెడ ఎలా దంచాలో కూడా... అదిగో, హారను! ట్యాంకరు. బిందెలు ఎక్కడ పెట్టావు?

అల్లుడు: మెట్ల కింద. ఫోను నేను చేస్తాను, నువ్వు వెళ్లు.

అత్త: ఎముక సంగతి ముందు చెప్పు. ముందు అదే...

(రికార్డింగు ఇక్కడ ఆగింది)